పంపరపనస, గోలీసోడాతో మార్గరీటా: ఇంట్లో ఎవరైనా చేశారా?

గౌతమీతీరం (అమలాపురం)
అందరికీ నమస్కారమండి. వచ్చే శనివారం మా అక్కా బావగారూ పుణె నుంచి వస్తున్నారు. బావగారికి మార్గరీటా అంటే ఇష్టం, అదే టెకీలా అనే మెక్సికో మద్యంతో కలిపే పుల్లటి కాక్‌టెయిల్. అక్కడ ఆఫీసు పార్టీల్లో అలవాటైందట. "మీ ఊళ్ళో అవన్నీ ఎక్కడ దొరుకుతాయిలే" అని మొన్న ఫోన్లో అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఎలాగైనా ఇంట్లోనే చేసి ఆయన చేతికివ్వాలని ఉంది.

నిన్న రాత్రి ఒకసారి చేసి చూశాను. పెద్ద గ్లాసులో 60 మి.లీ. టెకీలా పోసి, ఒక నిమ్మచెక్క పిండి, రెండు చెంచాల పంచదార వేసి, పైన నిమ్మ రుచి కూల్‌డ్రింకు సీసా (250 మి.లీ.) మొత్తం పోశాను. మొదటి గుక్క షర్బత్తులా ఉంది. ఐసు కరిగేసరికి దగ్గుమందు రుచి వచ్చేసింది. సగం పారబోశాను.

వంటకాల వీడియోల్లో చెప్పే ట్రిపుల్ సెక్, అదే నారింజ వాసనుండే తియ్యటి మద్యం (లిక్కరు), ఇక్కడ షాపుల్లో కనిపించలేదు. ఐసుతో ఊపి కలిపే షేకరు కూడా లేదు. పెరట్లో పంపరపనస చెట్టు మాత్రం ఉంది. వినాయకచవితికి పాలవెల్లికి కట్టగా ఇంకా పాతిక కాయల దాకా ఉన్నాయి. వాటితో ఏమన్నా చేయొచ్చా? అసలు నేను చేసిన తప్పేమిటి?

బార్‌వెనక (నరసాపురం)
తమ్ముడూ, తొమ్మిదేళ్ళు ఓడ మీద బార్లో పనిచేసి ఇంటికొచ్చినవాణ్ణి. మార్గరీటాలు కొన్ని వేలు కలిపి ఉంటాను. నీ తప్పు ఒక్కటే, పంచదార లెక్క చూసుకోలేదు.

అసలు మార్గరీటాలో సోడా ఉండదు. అంతర్జాతీయ బార్టెండర్ల సంఘం కొలత ప్రకారం టెకీలా 50, ట్రిపుల్ సెక్ 20, నిమ్మరసం 15 మి.లీ. అంతే. మొత్తం కలిపి 85. ఐసుతో కలిపి ఊపి, వడకట్టి, ఉప్పు అంచున్న చిన్న గ్లాసులో ఇస్తాం. అందులో తీపి ఆ 20 మి.లీ. నారింజ లిక్కరుది మాత్రమే.

ఇప్పుడు నీ గ్లాసు చూడు. కూల్‌డ్రింకు సీసా వెనక చదివితే 100 మి.లీ.కి ఎంత పంచదారో రాసి ఉంటుంది. చాలావాటిలో సుమారు 10 గ్రాములు. సీసా మొత్తానికి 25 గ్రాములు అయింది. నువ్వు వేసిన రెండు చెంచాలు ఇంకో 10. మొత్తం 35 గ్రాముల తీపికి నువ్వు పిండింది ఒక నిమ్మచెక్క, అంటే 10 మి.లీ. రసం కూడా ఉండదు. అంత తీపిని అంత పులుపు మోయలేదు. ఐసు కరిగి గ్యాసు పోయాక ఆ తీపి ఒక్కటీ మిగులుతుంది. దగ్గుమందు రుచి దానిదే.

సీసా కూల్‌డ్రింకుతోనే చేయాలంటే ఇలా చెయ్యి: టెకీలా 45, నిమ్మరసం 25 (మంచి కాయలైతే రెండు పడతాయి), కూల్‌డ్రింకు 90 మి.లీ. మించకుండా. పంచదార అస్సలు వద్దు. చిటికెడు ఉప్పు. ఇది ఎవరి ఇంట్లోనైనా అయిదు నిమిషాల్లో అవుతుంది, బాగానే ఉంటుంది కూడా.

కానీ పెరట్లో పంపరపనస పెట్టుకుని సీసా తియ్యదనం ఎందుకు తమ్ముడూ? మెక్సికోలో జనం ఇళ్ళల్లో, వీధుల్లో మార్గరీటా కన్నా ఎక్కువగా తాగేది పలోమా. టెకీలాలో గ్రేప్‌ఫ్రూట్ సోడా పోసి, నిమ్మ పిండి, ఉప్పు వేస్తారు. పలోమా అంటే స్పానిష్‌లో పావురం. ఆ గ్రేప్‌ఫ్రూట్ పుట్టిందే మన పంపరపనసకీ తియ్యనారింజకీ సంకరంగా. 18వ శతాబ్దంలో కరేబియన్‌లోని బార్బడోస్‌లో కనిపించింది. అంటే నీ పెరట్లో ఉన్నది దాని తల్లి వైపు చుట్టం.

కొలతకి ఇంట్లో దగ్గు సిరప్ మూత ఉంటుంది, దాని మీద 5, 10 గీతలుంటాయి. అది చాలు. కంటితో చూసి పోయకు, మొదటి పదిసార్లైనా కొలిచి పొయ్యి.

లంకరైతు (కపిలేశ్వరపురం)
బార్‌వెనక గారు చెప్పిన దానికి నా వంతు ఒక మాట. తీపి సోడా బదులు గోలీసోడా వాడండి. మనవైపు నిమ్మసోడా కొట్టేవాళ్ళు చేసే పని ఇదే కదా: పిండిన రసం, ఉప్పో పంచదారో అడిగి వెయ్యడం, పైన ఉత్త సోడా. తీపి మన చేతిలో ఉంటుంది, గ్యాసు వాడిది.

గోలీసోడా పోసేటప్పుడు ఒక పద్ధతి ఉంది. సీసా మెడ దగ్గర ఒకవైపు రెండు నొక్కులు ఉంటాయి చూడండి. గోలీ కొట్టాక ఆ నొక్కులున్న వైపు కిందికి ఉండేలా వంచితే గోలీ వాటి మీద ఆగిపోతుంది, సోడా ధారగా వస్తుంది. తిప్పి పట్టుకుంటే గోలీ వచ్చి మూతికి అడ్డం పడుతుంది. ఊపి ఊపి పోస్తే గ్యాసంతా అక్కడే పోతుంది. ఆ సీసాకి 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. మా తాతల కాలం నుంచీ ఇక్కడ తిరుగుతోంది.

ఇంకొకటి, ఉప్పు ముందే వెయ్యండి. సోడా పోశాక వేస్తే బుస్సున పొంగి గ్లాసు దాటుతుంది, మిగిలేది చప్పటి నీళ్ళు.

సంప్రదాయం (రాజమహేంద్రవరం)
అందరూ మంచి మాటలే చెబుతున్నారు గానీ, సోడా పోశాక దాన్ని మార్గరీటా అనకూడదండి. పులిహోరలో చింతపండు తీసేసి పెరుగు కలిపితే అది దద్దోజనమే గానీ పులిహోర కాదు. బావగారు అడిగింది మార్గరీటా.

బార్‌వెనక (నరసాపురం)
మీ మాట సబబే. పోటీల్లో అయితే నేనూ ఒప్పుకోను. కానీ మార్గరీటా అనే మాటకి స్పానిష్‌లో అర్థం డైసీ పువ్వు. 19వ శతాబ్దంలోనే అమెరికా బార్లలో డైసీ అనే పేరుతో ఒక జాతి పానీయాలుండేవి. ఏదో ఒక మద్యం, నిమ్మరసం, తీపి లిక్కరు, పైన కాస్త సోడా. బ్రాందీతో చేస్తే బ్రాందీ డైసీ. టెకీలాతో చేసిన డైసీయే మార్గరీటా అయిందని ఈ వృత్తిలో చాలామంది నమ్మకం. నేనూ అదే నమ్ముతాను. మార్గరీటా పేరుతో కొలతలు అమెరికా పత్రిక ఎస్క్వైర్‌లో 1953 డిసెంబరులో అచ్చయ్యాయి. అప్పటికి సోడా పోయింది. కాబట్టి సోడా పోస్తే పరాయిది చేర్చినట్టు కాదు, పాతదాన్ని వెనక్కి పిలిచినట్టే.

బావగారికి ముందు సోడా లేని చిన్న గ్లాసు ఒకటి ఇచ్చి, తర్వాత ఇది ఇవ్వు తమ్ముడూ. రెండూ తెలుస్తాయి.

గౌతమీతీరం (అమలాపురం)
అన్నా, చాలా చాలా థాంక్స్. పంచదార లెక్క చదివాక అంతా అర్థమైంది. పంపరపనస రసం తీద్దామని ఈరోజు ఒక కాయ కోసి, తొనలు మిక్సీలో వేశాను. నోట్లో పెట్టుకోలేనంత చేదొచ్చింది. కాయ తినడానికి తియ్యగానే ఉంది. రసం ఎందుకు చేదైంది?

కడియం_మొక్క (కడియపులంక)
మేము నిమ్మజాతి మొక్కలు అంట్లు కట్టి అమ్మేవాళ్ళం, అందుకని చెబుతున్నాను. పంపరపనసలో చేదంతా పైన తెల్లటి దూది పొరలోనూ, ఒక్కో తొన మీదున్న పల్చటి తోలులోనూ ఉంటుంది. ఆ చేదు పదార్థాన్ని నారింజిన్ అంటారు. తినేటప్పుడు మనం తోలు ఒలిచేసి లోపలి ముత్యాలు మాత్రమే తింటాం, అందుకే తియ్యగా ఉంటుంది. మిక్సీ తోలునీ గింజనీ కూడా నలగ్గొట్టేస్తుంది.

ఇలా చేయండి. కాయకి నిలువుగా నాలుగు గాట్లు పెట్టి, మందపాటి తొక్క పువ్వులా విప్పండి. తొనలు విడదీసి, ఒక్కో తొన వీపు మీద గోటితో చీల్చి తోలు వెనక్కి లాగితే ముత్యాలు ముద్దగా ఊడి వస్తాయి. వాటిని పల్చటి గుడ్డలో వేసి చేత్తో పిండండి. బలంగా మెలితిప్పకండి. ఎర్రకాయ అయితే లేత గులాబీ రంగు రసం దిగుతుంది, తెల్లకాయ అయితే గంజి రంగు. రుచిలో నాకు ఎర్రదే నచ్చుతుంది, కానీ తెల్లదానికి వాసన ఎక్కువ.

కోసిన కాయని వెంటనే వాడకండి, వారం పది రోజులు నీడలో ఉంచండి. తొక్క కాస్త వడిలి ముడతలు పడ్డాక లోపల పులుపు తగ్గి రసం చిక్కబడుతుంది.

నిమ్మకాయ సంగతి. విదేశీ వీడియోల్లో పెద్ద పచ్చ కాయలు చూసి మనవి పనికిరావేమో అనుకోకండి. మన గూడూరు సంతలో అమ్మే చిన్న గుండ్రటి నిమ్మ, మెక్సికోలో వాళ్ళు వాడే చిన్న నిమ్మ ఒకే జాతివి. వాసనలో మనదే బలం.

ట్రిపుల్ సెక్ దొరకలేదన్నారు. అది చేసేది నారింజ తొక్క వాసనతోనే. మన కోస్తాలో నారింజ అని పుల్లటి కాయ ఉందే, పులిహోరకి పిండేది, దాని తొక్క తీసుకోండి. కమలా తొక్కకి అంత ఘాటు రాదు.

పాలకొల్లు_వంటిల్లు
నారింజ తొక్క పాకం మా ఇంట్లో ఏటా చేస్తాను, పిల్లల షర్బత్తు కోసం. ఇందులోకి చక్కగా సరిపోతుంది.

రెండు పుల్ల నారింజలు ముందు ఉప్పునీళ్ళలో కడిగి తుడవండి. పీలరుతో పైపైన రంగు తొక్క మాత్రమే తియ్యాలి. కింద తెల్లది వచ్చిందంటే చేదు వచ్చినట్టే. ఒక తొక్క ముక్క వెలుతురుకి పట్టుకుని మడిచి చూడండి, సన్నటి తుంపర ఎగిరి వేలికి నూనె అంటుతుంది. మనకి కావలసింది ఆ నూనె. గిన్నెలో తొక్కలు వేసి, 200 గ్రాముల పంచదార పోసి, పప్పుగుత్తితో ఓ రెండు నిమిషాలు మెదపండి. మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలేయండి. పొయ్యి వద్దు. సాయంత్రం మూత తీసేసరికి పంచదార తడిసి, ముదురు పసుపు రంగు తిరిగి, వంటిల్లంతా వాసన కొడుతుంది. అప్పుడు 200 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళు పోసి కలిపి, టీ వడకట్టులో వడకట్టండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది.

పాకం మరిగించేవాళ్ళు ఉన్నారు. మరిగిస్తే వాసన ఆవిరిలో పోయి మిఠాయి కొట్టు వాసన మిగులుతుంది. దయచేసి మరిగించకండి.

ఇందులో మద్యం ఉండదు కాబట్టి తాగనివాళ్ళకి కూడా అదే గ్లాసు ఇవ్వొచ్చు. మా అత్తగారు టెకీలా లేకుండా పంపరపనస రసం, ఈ పాకం, నిమ్మ, ఉప్పు, సోడా వేసుకుంటారు. ఇంట్లో పదిమందీ కలిసి కూర్చున్నప్పుడు ఒక్కళ్ళ చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉండటం నాకు బాగుండదు. తాగనివాళ్ళకీ అంతే శ్రద్ధగా చెయ్యాలి.

గౌతమీతీరం (అమలాపురం)
అక్కా, మా అమ్మగారు కూడా ఉంటారు. ఆమెకి ఇది తప్పకుండా చేస్తాను. ఉప్పు అంచు ఎలా పెట్టాలి? నిన్న గ్లాసు నీళ్ళలో ముంచి ఉప్పులో అద్దితే లోపలికి కారిపోయింది.

పాలకొల్లు_వంటిల్లు
నీళ్ళు కాదు బాబూ, నిమ్మచెక్కతో బయటి వైపు మాత్రమే రుద్దు. సగం అంచు చాలు, ఉప్పు వద్దనుకున్నవాళ్ళు రెండో వైపు నుంచి తాగుతారు. ప్యాకెట్ సన్న ఉప్పు వద్దు, చురుక్కుమంటుంది. కల్లుప్పు రోట్లో రెండు పోట్లు వేస్తే ముతక రవ్వలా అవుతుంది, అది పళ్ళెంలో పరిచి గ్లాసు పక్కగా దొర్లించు. ఎండుమిర్చి వేయించి కొద్దిగా కలిపితే పంపరపనసకి ఎంత బాగుంటుందో. చిన్నప్పుడు ముత్యాలు ఉప్పూ కారం అద్దుకుని తినలేదూ?

మందులచీటీ (తణుకు)
ఈ చర్చ చదువుతుంటే ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మెడికల్ షాపులో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. గ్రేప్‌ఫ్రూట్‌కి ఉన్న ఒక గుణం పంపరపనసకీ ఉంది. కొన్ని మందుల్ని మన పేగులో విరగ్గొట్టే ఎంజైమును ఈ రసం పనిచేయనివ్వదు. దాంతో మామూలు మాత్రే ఒంట్లోకి ఎక్కువ మోతాదుగా చేరుతుంది. కొలెస్టరాల్‌కి వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీకి వాడే ఫెలోడిపిన్, నిఫెడిపిన్ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. మాత్రకీ రసానికీ నాలుగు గంటలు ఎడం ఇస్తే సరిపోతుందనుకోవద్దు, రసం ప్రభావం ఒక రోజు పైన ఉంటుంది. మార్కెట్లో అమ్మే ప్యాకెట్ రసానికైనా చెట్టు కాయకైనా ఇదే వర్తిస్తుంది.

గౌతమీతీరం గారూ, మీ అమ్మగారు వాడే మందులేమిటో చూసి, డాక్టరుగారిని అడిగాకే ఆమెకి పంపరపనస ఇవ్వండి. అనుమానం ఉంటే ఆమె గ్లాసులో పంపరపనసా, పుల్ల నారింజ పాకమూ తీసేసి కమలా రసం పోయండి.

మద్యం సంగతి వేరే. షుగరుకి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఖాళీ కడుపుతో తాగితే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నవాళ్ళు అది అయ్యాక కూడా మూడు రోజుల దాకా ముట్టుకోకూడదు.

గౌతమీతీరం (అమలాపురం)
అమ్మ అటోర్వాస్టాటిన్ వేసుకుంటుందండి. రాత్రి చీటీ తీసి చూశాను. మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. ఆవిడకి కమలాతోనే చేస్తాను.

ఉండి_చెరువుగట్టు
ఐసు గురించి ఎవరూ రాయలేదు. మన డెల్టాలో ఐసు దిమ్మలకి లోటు లేదు, రొయ్యల లారీల కోసం వీధికో ఐసు ఫ్యాక్టరీ ఉంది. కానీ చేపలకీ రొయ్యలకీ వాడే ఐసు తాగే గ్లాసులోకి రానివ్వకండి. రెండేళ్ళ క్రితం మా తమ్ముడి పెళ్ళిచూపుల రోజు ఇంట్లో ఐసు చాలక, దగ్గర్లో ఉన్న ఒక ఫ్యాక్టరీ నుంచి అరదిమ్మ తెప్పించి నిమ్మసోడాల్లో వేశాం. మర్నాటికి ఇంట్లో ఎనిమిదిమందికి విరేచనాలు. పెళ్ళికూతురి తరఫువాళ్ళకి కూడా. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. మంచినీళ్ళు కాచి చల్లార్చి, స్టీలు గిన్నెల్లో పోసి ముందు రోజే ఫ్రీజర్లో పెట్టుకోండి. పెద్ద ముక్క నెమ్మదిగా కరుగుతుంది కూడా.

బార్‌వెనక (నరసాపురం)
ఈయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఓడ మీద ఐసుకి పెట్టే తనిఖీ వంటింటి మాంసానికి కూడా పెట్టరు.

షేకరు లేదన్నావు కదా. మరచెంబు ఉందా ఇంట్లో? ప్రయాణాల్లో నీళ్ళు తీసుకెళ్ళేది, మూతకి మర ఉండేది. అంతకన్నా మంచి షేకరు నేను చూడలేదు. టెకీలా, నిమ్మరసం, పంపరపనస రసం, పాకం, ఉప్పు వేసి, సగానికి పైగా ఐసు నింపి, మూత బిగించి పన్నెండు పదిహేను సెకన్లు బలంగా ఊపు. చెంబు బయట మంచు పట్టి చేతులు జిల్లుమంటే అయినట్టు. సోడా మాత్రం చెంబులో వెయ్యకు, మూత ఎగిరిపోతుంది. టీ వడకట్టులో నుంచి కొత్త ఐసున్న గ్లాసులోకి వడకట్టి, చివర్లో సోడా గ్లాసు గోడ వెంట దించు. చెంచాతో అడుగు నుంచి ఒక్కసారి పైకి లేపు, చాలు. సోడా, గ్లాసు రెండూ ముందే ఫ్రిజ్‌లో ఉండాలి. చల్లటి నీటిలోనే గ్యాసు నిలుస్తుంది.

నా కొలత రాసుకో: టెకీలా 45, నిమ్మరసం 20, పంపరపనస రసం 45, నారింజ పాకం 15, సోడా 75.

సత్తువ కూడా తెలుసుకో. మన దగ్గర మద్యం సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. 45 మి.లీ.లో సుమారు 19 మి.లీ. అసలు ఆల్కహాలు. ఐసు కరిగిన నీళ్ళతో కలిపి గ్లాసు 225 అనుకుంటే ఎనిమిదిన్నర శాతం. అంటే స్ట్రాంగ్ బీరు కన్నా కాస్త పైనే. పళ్ళరసం రుచి వల్ల అది నాలుకకి తెలియదు. ఒక గ్లాసంటే పెగ్గున్నర అని బావగారికి ముందే చెప్పు. రెండు దాటనివ్వకు. ఆ రాత్రి కారు తాళాలు నీ దగ్గర పెట్టుకో.

యానాం_ఒడ్డు
టెకీలా కోసం మా ఊరు వద్దామనుకునేవాళ్ళకి ఒక మాట. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, పన్నులు వేరు, సీసా ధరలు వేరు. కానీ ఇక్కడ కొన్నది ఎదుర్లంక వంతెన దాటించి అటు తీసుకెళితే కేసవుతుంది. ఒక్క సీసా కోసం పండగ పూట స్టేషన్లో కూర్చోవద్దు. మీ దగ్గర 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చాక బ్రాండ్లు తిరిగి వస్తున్నాయి, అక్కడే అడగండి.

కొనేటప్పుడు సీసా మీద 100 శాతం అగావే అని ఉందో లేదో చూడండి, టెకీలా చేసే మొక్క పేరు అది. టెకీలా అనిపించుకోవడానికి అందులోని పంచదారలో 51 శాతం నీలి అగావేది అయితే చాలు. మిగతాది చెరకుదీ కావచ్చు. బంగారు రంగు చూసి మోసపోకండి, చాలాసార్లు అది పీపాలో వచ్చిన రంగు కాదు, మాడ్చిన పంచదార రంగు. సోడాతో కలిపేదానికి తెల్లదే మేలు.

కడియం_మొక్క (కడియపులంక)
అగావే అంటే ఏదో అనుకునేరు. పొలం గట్ల మీద, రైలు కట్టల వెంట ముళ్ళ మట్టలతో ఉండే కిత్తనార ఆ కుటుంబానిదే. మెక్సికోలో నీలి రకం ఆరేడేళ్ళు పెంచి, మట్టలు నరికి, మధ్యలో అనాసపండులా ఉండే దుంపని కాల్చి, రసం పిండి పులియబెడతారు. టెకీలా అనే పేరు 1974 నుంచి మెక్సికోలోని కొన్ని ప్రాంతాలకే హక్కు. మన చిత్తూరు జిల్లాలో కిత్తనారతో డెస్మండ్‌జీ అనే మద్యం చేస్తున్నారు. పద్ధతి అదే అయినా అగావే మద్యం అనే అంటారు, టెకీలా అనరు. దొరికితే అది కూడా ఇందులోకి బాగుంటుంది.

మే_నెల_ఎండ (భీమవరం)
ఆలస్యంగా చూశాను, కానీ ఇది తప్పక చదవండి. పోయిన వేసవిలో మా పిన్ని కూతురి పెళ్ళికి నేనూ, మా వదినా పెరట్లో కూర్చుని వంద నిమ్మకాయలు పిండాం. పదకొండు గంటల ఎండ. రసం మోచేతుల దాకా కారింది, తుడుచుకున్నామే గానీ కడుక్కోలేదు. మర్నాడు సాయంత్రానికి నా ఎడమచేతి మీద ఎర్రటి చారలు, ఆ తర్వాత బొబ్బలు. రసం ఎక్కడ కారిందో అక్కడే, గీత గీసినట్టు. నూనె పడిందేమో అనుకున్నాను. చర్మం డాక్టరుగారు చూడగానే "నిమ్మకాయలు పిండారా?" అని అడిగారు. నిమ్మ తొక్కలో ఉండే ఒక పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుందట. మార్గరీటాలు కలిపేవాళ్ళకి తరచూ వస్తుంది కాబట్టి విదేశాల్లో మార్గరీటా బర్న్ అనే పిలుస్తారని ఆయనే చెప్పారు. మచ్చలు పోవడానికి మూడు నెలలు పట్టింది. పంపరపనస తొక్కతో కూడా జాగ్రత్తే. లోపల కూర్చుని పిండండి, వెంటనే సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేత ఎండలో పిండించకండి.

గౌతమీతీరం (అమలాపురం)
శనివారం అయిపోయింది. మీ అందరికీ చెప్పకుండా నిద్ర పట్టేలా లేదు.

శుక్రవారం రాత్రి ఒక్కణ్ణే రెండు కొలతలు చేసి చూశాను. కూల్‌డ్రింకుతో చేసింది బాగుంది, కానీ మూడో గుక్కకి రుచి అయిపోయింది. గోలీసోడాది గ్లాసు అడుగు దాకా మారుతూనే ఉంది: ముందు నారింజ వాసన, తర్వాత పులుపు, మింగాక నాలుక చివర పంపరపనస చేదు సన్నగా. ఆ చేదు ఉండాలని అప్పుడు అర్థమైంది. కాకపోతే మా కాయలు కోసి మూడు రోజులే అయింది, పులుపు ఎక్కువున్నాయి. అందుకని నిమ్మరసం 20 నుంచి 15కి దించాను.

శనివారం వెన్నెల బాగుంది, డాబా మీద కూర్చున్నాం. అమ్మమ్మ కాలం నాటి ఇత్తడి మరచెంబు చింతపండుతో తోమి, లోపల కళాయి ఉందో లేదో చూసుకున్నాను. పులుపు పోస్తున్నాం కదా, కళాయి లేకపోతే ఇత్తడి పనికిరాదు. అదృష్టం కొద్దీ ఉంది. బార్‌వెనక అన్న చెప్పినట్టు బావగారికి ముందు సోడా లేనిది చిన్న గ్లాసులో ఇచ్చాను. "బాగుంది" అన్నారు. తర్వాత ఇది. ఒక గుక్క తాగి గ్లాసు దీపం వైపు పట్టుకుని చూశారు. లేత గులాబీ రంగులో బుడగలు పైకి వస్తున్నాయి, అంచున ఉప్పూ కారం. ఏమీ అనలేదు. ఇంకో గుక్క తాగి, "ఇది ఏ పండు?" అని అడిగారు. పెరట్లో చెట్టు చూపించాను. టార్చి తీసుకుని కిందికి దిగి వెళ్ళి చూసొచ్చారు.

అమ్మకి కమలాతో చేశాను. అక్క మొదటిది అమ్మతో పాటు మద్యం లేనిదే తీసుకుంది, రెండోది కూడా అదే అడిగింది. వేయించిన రొయ్యలు, పనసపొట్టు వడలు పెట్టాం. పుల్లటి గ్లాసుకి రొయ్యలే బాగా కుదిరాయి.

సంప్రదాయం (రాజమహేంద్రవరం)
చదువుతుంటే చాలా సంతోషం వేసింది. పేరు సంగతి నా అభిప్రాయం నాదే గానీ, ఈ ఆదివారం నేనూ చేస్తాను. మాకు పంపరపనస లేదు, దబ్బకాయ ఉంది. పనికొస్తుందా?

కడియం_మొక్క (కడియపులంక)
దబ్బ రసం వాడొచ్చు. కాకపోతే పంపరపనసకి బదులుగా కాదు, నిమ్మకి బదులుగా. పులుపు నిమ్మకి దగ్గర్లో ఉంటుంది. పంపరపనస స్థానంలో బత్తాయి పొయ్యండి, అప్పటికప్పుడు పిండి. బత్తాయి రసం నిలవుంటే చేదెక్కుతుంది.

లంకరైతు (కపిలేశ్వరపురం)
సంక్రాంతికి మా ఇంటికి పన్నెండుమంది వస్తారు. ఒక్కో గ్లాసు ఊపుతూ కూర్చుంటే భోజనాల వేళ దాటిపోతుంది. ముందే కలిపి పెట్టుకోవచ్చా?

బార్‌వెనక (నరసాపురం)
పెట్టుకోవచ్చు. సోడా తప్ప మిగతావన్నీ పన్నెండుతో హెచ్చించండి: టెకీలా 540, నిమ్మ 240, పంపరపనస 540, పాకం 180 మి.లీ. మొత్తం లీటరున్నర. ఐసుతో ఊపడం లేదు కాబట్టి కరగాల్సిన నీళ్ళు మీరే పొయ్యాలి, 300 మి.లీ. చల్లటి మంచినీళ్ళు. గాజు సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. రసాలు ఆ రోజు మధ్యాహ్నం పిండినవే అయి ఉండాలి, ముందు రోజువి వద్దు. చుట్టాలు కూర్చున్నాక గ్లాసుకి 150 పోసి, పైన ఎవరి సోడా వాళ్ళ కళ్ళముందు కొట్టండి. తాగనివాళ్ళ సీసా వేరే పెట్టి, మెడకి ఎర్రదారం కట్టండి. చీకట్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి.